ఎర్తు గుంట మొక్కు

ఆళ్లగడ్డలో నెట్టు ఆగిపోతే జనం మొదట తిట్టేది కంపెనీని కాదు, ఫ్రాన్సిస్‌ను. పేరు తెలిసిన మనిషి ఎదురుగా దొరుకుతుంటే మొహం చూడని కంపెనీని ఎవరు తిడతారు? నంద్యాలలో శాంతయ్య నడిపే చిన్న ఇంటర్నెట్ కంపెనీకి ఆళ్లగడ్డలో ఉన్న ఆస్తల్లా ఒక్క గది. ఆ గదిలో ఊళ్లో ఇంటింటికీ నెట్టు పంచే మిషను, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీలు, మిషను వేడెక్కకుండా ఒక ఏసీ, గది మీద ఇనుప స్తంభం. కేబుల్ టీవీ రోజుల నుంచీ దాని మంచిచెడ్డలు చూసేది ఫ్రాన్సిసే. కాపురం నంద్యాలలో, ప్రాణం ఆళ్లగడ్డలో అని అతని భార్య లూదియా ఎత్తిపొడిచేది. బడిలో పాఠాలు చెప్పే మనిషి గనక ఎత్తిపొడుపు కూడా విడమరిచి, అర్థమైందా అని అడిగి మరీ పొడిచేది.

ఆమె మాటలో అబద్ధం లేదు. గదికి రెండు తాళాలు, రెండు తాళంచెవులూ ఫ్రాన్సిస్ నడుముకే. ఎలుకలు దూరకుండా వైర్లు వచ్చే కంతలకు సిమెంటు మెత్తాడు. బ్యాటరీల మీద దుమ్ము తుడిచేటప్పుడు చంటిపిల్లకు నీళ్లు పోసినంత ఓపిక. ఇంతకన్నా ముద్దుగా చూసుకునేది ఇంకొకటి ఉంది. అది గది బయట, గోడ పక్కన ఉన్న ఎర్తు గుంట.

పిడుగు పడినప్పుడు ఆ పోటు మిషన్ల మీదికి పోకుండా రాగితీగ వెంట నేలలోకి దిగిపోవాలి. అందుకోసం తవ్వినదే ఆ గుంట. అడుగున రాగిరేకు, దాని మీద ఉప్పూ బొగ్గూ. అయితే అక్కడిది నల్లరేగడి నేల. ఎండాకాలం వస్తే చెయ్యి పట్టేంత నెర్రెలు బారుతుంది, ఎండిన మట్టి పిడుగును మింగదు. అందుకని ఎండలు మొదలైన దగ్గర నుంచీ గుంటను తడి ఆరకుండా చూసుకోవాలి. ఫ్రాన్సిస్ వచ్చినప్పుడల్లా, బంకమట్టి అంటుకుంటుందని చెప్పులు పక్కన విప్పి, గొంతుకూర్చుని, గుప్పెడు ఉప్పు చల్లి, బిందెడు నీళ్లు పోసేవాడు. అవి ఇంకేదాకా ఎండకు కళ్లు మూసుకుని అక్కడే కూర్చునేవాడు. చూసేవాళ్లకు పిల్లలాట. గదిలోని సరుకుకు అదే కాపు.

ఒకసారి దొంగలు ఆ గుంటలోని రాగితీగను కోసుకుపోయారు. అప్పుడు ఫ్రాన్సిస్ విగ్రహాలు చెక్కే శిల్పుల దగ్గరికి పోయి, సగం చెక్కాక పగిలిందని పారేసిన రాతిపలకను అడిగి తెచ్చి గుంటకు మూత వేశాడు. పలక మీద సగం తామరపువ్వు ఉంది, తక్కిన సగం ఉలి తప్పిన చోట ఆగిపోయింది. ఆ తర్వాత గుంట జోలికి ఎవడూ రాలేదు. పలక బరువు చూసి దొంగలు జడిశారని ఫ్రాన్సిస్ మురిసిపోయాడు. మనిషికి తన తెలివి మీద ఉండే నమ్మకం అలాంటిది మరి.

పక్కిల్లు అమీనమ్మది. దూదేకులవాళ్లు. కొడుకు జహీర్ దూది ఏకే మిషను నడిపితే ఆమె పరుపులూ దిండ్లూ కుట్టేది. దూది ఏకుతుంటే నూగు గాలికి లేచి వచ్చి ఏసీ జాలీలో కూర్చునేది. ఏసీకి ఊపిరాడక ఆగిపోయేది. కరెంటు ఎక్కువసేపు పోయినప్పుడు ఇతను జనరేటర్ వేస్తే దాని పొగ పోయి ఆమె ఆరబోసిన దూదిని నల్లబరిచేది. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు, అందుకే పోట్లాట తెగలేదు. చివరికి ఒకనాడు పెళ్లిపరుపు కోసం ఏరి పెట్టుకున్న తెల్ల దూది మీద మసి పడింది. మాటకు మాట పెరిగింది. ఆ రోజు నుంచీ ఎడమొహం పెడమొహం. ఇతను తాళం తీసుకుని, పని చూసుకుని పోయేవాడు. ఆమె గడపలో కూర్చుని కుడుతూ, అక్కడ మనిషే లేనట్టు చూసేది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఫ్రాన్సిస్ ఆళ్లగడ్డ నుంచి ఇంటికి వస్తుంటే, సిరివెళ్ల దగ్గర రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్నల మీద బండి జారింది. కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుందంటారు. ఇతన్ని మొక్కజొన్నలు కరిచాయి. కాలిలో రాడ్డు వేశారు. నడవడానికి ఢోకా లేదు గానీ స్తంభాలెక్కే పని ఇక మరిచిపొమ్మని డాక్టరు చెప్పేశాడు.

శాంతయ్య బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వచ్చాడు. మంచివాడు, ఉన్నమాట దాచుకోలేనివాడు. స్తంభాలెక్కే పని లేకపోతేనేం, ఆళ్లగడ్డ గదిని చూసుకునే పని ఎప్పటికీ నీదేనని ధైర్యం చెప్పాడు. లేచి గుమ్మం దాకా పోయి మళ్లీ వెనక్కి తిరిగాడు.

"ఒక మాటప్పా. ఆడ ఉండేది కొత్త మిషను. అది కాలిపోతే ఇంగోటి తెచ్చే శక్తి నాకు లేదు. ఆళ్లగడ్డ లైన్లు పెద్ద కంపెనీకి ఇచ్చేసి మూసుకుంటా. అప్పుడు నీకు ఇచ్చేదానికి నా కాడ పని ఉండదు. ముందే చెప్తాండా, తప్పుగా అనుకోవద్దు."

ఫ్రాన్సిస్ తప్పుగా అనుకోలేదు. లెక్క అతనికీ తెలుసు. స్తంభమెక్కలేని లైన్‌మన్‌ను ఏ పెద్ద కంపెనీ పిలిచి కుర్చీ వేస్తుంది? బతుకంతా ఆ ఒక్క గదిలోకి వచ్చి చేరింది. గది బతుకు గోడ పక్కన గుంటలో ఉంది.

మంచం మీద పడుకుని అతను చేసిన పని ఒక్కటే. శాంతయ్య దగ్గరున్న మారు తాళంచెవులతో తన బదులు ఆళ్లగడ్డ పోతున్న కంపెనీ కుర్రాడు వినయ్‌కు ఫోను చేసి, గుంటకు నీళ్లు పోశావా అని అడగడం. పోస్తాండాలే అన్నా, అనేవాడు వినయ్. చెప్పేవాడికి వినేవాడు లోకువ. వినేవాడు మంచానికి అతుక్కుని ఉంటే మరీ లోకువ. ఉప్పు ఎంత వేశావని అడిగితే, వేశానులే అన్నా, నువ్వు కాలు చూసుకో అని మాట మార్చేవాడు. ఫ్రాన్సిస్ నమ్మాడు. నమ్మక చేసేదేముంది?

మే నెలాఖరులో ఒక సాయంత్రం నల్లమల మీద మబ్బు కమ్మింది. నంద్యాలలో గాలిదుమారం లేచి రేకులు ఎగిరిపోయాయి. ఆళ్లగడ్డ వైపు ఒకటే మెరుపులు. చినుకు కన్నా పిడుగు ముందు దిగే కాలం అది. ఫ్రాన్సిస్ లేచి కూర్చుని వినయ్‌కు ఫోను చేశాడు. అతని గొంతు విన్నాక వినయ్‌కు అబద్ధం నోటి దాకా రాలేదు. రాతిపలక కింద ఉప్పు చల్లి నీళ్లు పోయమంటే పాతకాలం చాదస్తం అనుకున్నాననీ, ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా పలక ఎత్తలేదనీ చెప్పేశాడు. ఫ్రాన్సిస్ ఫోను పెట్టేశాడు. ఇంకాసేపటికి శాంతయ్య చేశాడు. ఆళ్లగడ్డ గది నుంచి ఉలుకూ పలుకూ లేదట. ఆ వీధిలోనే పిడుగు పడిందట.

పొద్దున్నే చంకకర్ర పట్టుకుని బస్సుకు బయల్దేరాడు. లూదియా వద్దనలేదు. ప్రార్థన చేసుకుంటూ పో అంది, అంతే. దారిపొడుగునా అతను ప్రయత్నించాడు గానీ మాటలు కుదరలేదు. నీళ్లు పోయని గుంటను కాపాడమని దేవుణ్ణి మాత్రం ఏ మొహంతో అడగాలి? కిటికీ బయట సిరివెళ్ల దాటాక ఒక వేపచెట్టు తీగల మీద అడ్డంగా పడి ఉంది. అది కూడా అతను సరిగ్గా చూడలేదు.

వీధి మొదట్లోనే జనం చుట్టుముట్టారు. పిడుగు నీ స్తంభం మీదే దిగింది, కళ్లారా చూశామన్నారు. ఆ ఇంట్లో టీవీ పోయింది, ఈ ఇంట్లో ఫ్రిజ్జు పోయిందని వరస పెట్టారు. ఫ్రాన్సిస్ అన్నిటికీ తలూపుతూ గది దాకా వచ్చాడు. మొదటి తాళం తీశాడు. రెండో తాళమూ తీశాడు. కాలిన వాసనకు ముక్కును ముందే సిద్ధం చేసుకుని తలుపు నెట్టాడు.

ఏ వాసనా లేదు. మిషను మీద పచ్చదీపాలు రోజూలాగే మిణుకుమంటున్నాయి. బ్యాటరీలు తమ పని తాము చేసుకుంటున్నాయి. నంద్యాల నుంచి వచ్చే తీగ ఒక్కటే చచ్చి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, తీగల మీద పడ్డ వేపచెట్టు. ఫోను చేసి చెబితే శాంతయ్య దేవునికి స్తోత్రం అన్నాడు. ఫ్రాన్సిస్ చల్లటి గచ్చు మీద కూలబడి, ఎవరూ చూడ్డం లేదు గనక కాసేపు ఏడ్చాడు.

ఏడుపు తీరాక బుర్ర పనిచేసింది. ఎండిన గుంట పిడుగునెట్లా మింగింది? రాత్రి పడినవి నాలుగు చినుకులు, దుమ్ము కూడా అణగలేదు. కర్ర ఆనించుకుంటూ గోడ పక్కకు పోయాడు. చుట్టూ నేలంతా నెర్రెలు. రాతిపలక చుట్టూ మాత్రం గరిక పచ్చగా, గుబురుగా మొలిచి ఉంది. అది నిన్నటి చినుకులకు మొలిచిన గరిక కాదు. కర్ర కొసతో పలకను పక్కకు తోశాడు. లోపల మట్టి నల్లగా తడిసి ఉంది, దాని మీద ఇంకా కరగని ఉప్పుకళ్లు.

"చెప్పులిడిసి తీయాలప్పా ఆ రాయిని. నువ్వే ఇడిసేటోడివి గదా."

నెలల తర్వాత అమీనమ్మ అతనితో అన్న మొదటి మాట అది. చంకలో నీళ్లబిందెతో నిలబడి ఉంది.

ఆమె చెప్పిందంతా విన్నాక గానీ ఫ్రాన్సిస్‌కు సంగతి అర్థం కాలేదు. గడపలో కూర్చుని ఆమె అతన్ని ఇన్నేళ్లూ చూస్తూనే ఉంది. వచ్చి చెప్పులు విడవడం, పువ్వు చెక్కిన రాయి తీయడం, ఉప్పు చల్లి నీళ్లు పోయడం, కళ్లు మూసుకుని కూర్చోవడం. ఇది మొక్కు కాకపోతే మరేమిటి? క్రైస్తవుల్లో ఇట్లాంటి మొక్కు కూడా ఉంటుంది గాబోలు, దేవుడు ఎవరి చేత ఎట్లా చేయించుకుంటాడో మనకెందుకు అనుకుంది. వీధిలో అందరికీ చెప్పి పెట్టింది, అది ఆ నెట్టు మనిషి మొక్కురాయి, తాకితే కళ్లు పోతాయని. దొంగలు ఎందుకు రాలేదో ఫ్రాన్సిస్‌కు అప్పుడు తెలిసింది. పలక బరువు మీద అతను పెట్టుకున్న నమ్మకమంతా ఆ గరికలో కలిసిపోయింది.

కాలు విరిగిందని వినగానే ఆమెకు మొదట తోచింది ఆ రాయే. ఆ వీధికి ఎండాకాలం కొళాయి రోజు విడిచి రోజు వస్తుంది. ఇంట్లోకి పట్టుకున్న నీళ్లలో నుంచే బిందె తీసి పోసింది. ఉప్పు కూరకు తెచ్చుకున్నది. తాగడానికి లేక చస్తాంటే రాయికి పోస్తావా అని జహీర్ సణిగినా వినిపించుకోలేదు.

"మన కొట్లాట?" అన్నాడు ఫ్రాన్సిస్.

"కొట్లాట నీకూ నాకూ. మొక్కేం జేసిందప్పా? మధ్యలో నిల్సిపోతే నీకు రెండో కాలు గూడా పోతాదేమోనని భయమేసింది." బిందెను చంక మార్చుకుంది. "నువ్వేం మొక్కుకున్యావో నాకు తెల్దు. అడుగుదామంటే మనకు మాటల్లేకపాయె. అందుకే నీళ్లు పోసినప్పుడల్లా, అల్లా, ఈ మనిషి ఏం అడిగినాడో అదే ఇయ్యి అనుకుంటి."

అబద్ధం చెప్పి గౌరవంగా ఊరుకోవచ్చు. ఫ్రాన్సిస్ వల్ల కాలేదు. పిడుగూ, రాగితీగా, తడిమట్టీ అన్నీ విడమరిచి చెప్పాడు. నీ నీళ్లే లేకపోతే ఈ గదీ లేదు, నా కూడూ లేదన్నాడు. ఆమె విన్నంతసేపూ విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"అంటే నువ్వేమీ అడగనే లేదా?"

"లేదమ్మా."

"అట్లయితే నేను పోసిన నీళ్లన్నీ ఊరికే పోవల్సిందేనా? మొక్కు ముందే తీరిపాయె, కోరికే మిగిలిపాయె. ఇప్పుడన్నా అడుగు." బిందె అతని ముందుకు చాచింది.

ఫ్రాన్సిస్ చంకకర్రను గోడకు ఆనించి, చెప్పులు విడిచాడు. ఈసారి బంకమట్టికి భయపడి కాదు. బిందె అందుకుని గుంటలోకి వంచాడు. నీళ్లు ఇంకేదాకా కళ్లు మూసుకుని ఆమె పక్కనే నిలబడ్డాడు. ఎంత వెతికినా అడగడానికి అతనికి ఏమీ దొరకలేదు.