గీత దాకా ఎరుపు

"చెంపలకి ఇంకాస్త ఎరుపు పట్టించు. బొద్దుగా ఉంటేనే జనం కొనేది" అంటూ భర్త కొత్త కాగితాల కట్ట దించి దుకాణానికి వెళ్ళిపోయాడు. కొత్త సంవత్సరానికి ఊరూరా గోడలకంటించుకునే బొమ్మలవి. నల్లగీతలు దుకాణంలో చెక్క అచ్చుతో పడతాయి. రంగులద్దేది మాత్రం యాంగ్‌ల్యూచింగ్ ఊళ్ళో ఇళ్ళలోని ఆడవాళ్ళు. పేరు దుకాణానిది, కూలి మొగుళ్ళది.

జిన్‌ఫెంగ్ కాగితాలను పలకలకి వరసగా అంటించి, నిలబడి ఎరుపు మొదలెట్టింది. చిన్నప్పుడు పెరగకుండా విరిచి కట్టిన పాదాలు అప్పుడే సలపడం మొదలెట్టాయి. వంటింట్లో అత్తగారు పొడవాటి గుడ్డ పట్టీలు నానబెడుతోంది. ఇవాళ కూతురు షావ్‌తావ్ పాదాలు కట్టే రోజు. ఆ సంగతి తెలియని పిల్ల వాకిట్లో కోడిని తరుముతోంది.

"ఏడుస్తుందని జాలిపడేవు సుమా! తెడ్డుపాదాల దాన్ని ఎవడు చేసుకుంటాడే?" పొద్దున్నుంచీ అత్తగారిది అదే పాట.

జిన్‌ఫెంగ్ చెయ్యి అలవాటు కొద్దీ సాగిపోయింది. మొనదేలిన చిన్నచిన్న జోళ్ళు అద్దుకుంటూ పోయి, వెనక్కి జరిగి చూసి నాలుక కరుచుకుంది. ప్రతి జోడు ముందూ తెల్లగా ఖాళీ మిగిలింది. అచ్చులోని నల్లగీత ఇంకా ముందుకి పోయింది. ఇవి కట్టని పాదాలు!

అప్పుడు చూసింది బొమ్మని. ఇన్నేళ్ళూ తను రంగులద్దినవాళ్ళు దాదాపు అందరూ మగపిల్లలే, కదలకుండా కూర్చుని చేపనో దానిమ్మనో వాటేసుకుని, అమ్మానాన్నల కోరికలు మోస్తున్నవాళ్ళే. వీళ్ళు ఆడపిల్లలు. పుస్తకాల సంచులతో బడిలోంచి పరిగెత్తుకొస్తున్నారు. ఒకతె బంతి వెంటపడింది. ఇంకొకతె నోరంతా తెరిచి నవ్వుతోంది. వీళ్ళ చేతుల్లో ఎవరి కోరికా లేదు. పిల్లలంటే ఇలా కూడా ఉంటారా? ఈ కాగితాలన్నీ ఎన్ని ఊళ్ళకి పోతాయో! ఎక్కడో ఏ తల్లో నిద్ర లేవగానే గోడ మీద ఈ పిల్లల్ని చూస్తుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దుఃఖంతో కాదు.

తడి పట్టీలు పట్టుకుని అత్తగారు వచ్చింది. "చెక్కినవాడికి కళ్ళు పోయాయా? ఇవేం పాదాలే తల్లీ! నువ్వైనా కుదించావు, నయం. ఆ, పిల్లని పిలు."

"కుదించలేదు అత్తయ్యా, పొరపాటున వేశాను."

జిన్‌ఫెంగ్ కుంచె ముంచి, తెల్లటి ఖాళీ మిగలకుండా ఎరుపుని గీత దాకా తీసుకెళ్ళింది. వాకిట్లో కోడి అరిచింది, షావ్‌తావ్ పగలబడి నవ్వింది. అత్తగారు ఇంకోసారి పిలవమంది.

జిన్‌ఫెంగ్ చెయ్యి చాపింది. "ఆ గుడ్డలు ఇలా ఇవ్వండి అత్తయ్యా. కుంచెలు తుడుచుకోవాలి."