ఆవిరికి చావని సిద్ధబీజం

నేను ఒక సిద్ధబీజాన్ని. పేరులో బీజం ఉంది కదా అని మట్టిలో నాటి నీళ్లు పోసేరు. కంటికి ఆనని సూక్ష్మజీవిని.

మందులకు లొంగనివాడినని నాకు కాస్త గర్వం. అసలు సంగతి చెబితే పరువు పోతుంది. ఒక ప్రయోగశాలలో తిండి అయిపోతే, మా అమ్మ భయపడి నన్ను కడుపులో దాచుకుని చుట్టూ గోడలు కట్టడం మొదలుపెట్టింది. మొదటి గంటల్లో ఏ మందు చుక్క పడ్డా నా పని సరి. గోడ మీద గోడ లేచేకొద్దీ ఒక్కొక్క మందే నా మీద పనిచేయడం మానేసింది. ముందు టోలీన్ అనే ద్రావకం, ఆ తర్వాత ఫినాయిల్, ఒంట్లో నీరు ఇంకిపోయాక వేడి, అన్నిటికన్నా చివర ఆసుపత్రుల్లో కత్తెరలు నానబెట్టే గ్లుటరాల్డిహైడ్. నేను తయారయ్యేసరికి అమ్మ పగిలిపోయింది. నేను నిద్రపోయాను. నా శౌర్యమంతా ఆకలికి జడిసి ముడుచుకు పడుకోవడమే.

అలాంటి నన్ను కాగితం ముక్కకు పట్టించి ఒక ఆసుపత్రికి పంపారు. అక్కడ నా ఉద్యోగం చావడం. ఆపరేషన్ గుడ్డల డ్రమ్ము నడుమ నన్ను పెట్టి ఆవిరి పట్టిస్తారు. నాలాంటి మొండివాడే చస్తే ఇంకే క్రిమీ మిగలనట్టు. తర్వాత ఊదారంగు ద్రవంలో వేస్తారు. నేను బతికుంటే అది పసుపుపచ్చగా మారుతుంది.

ఆ సోమవారం థియేటర్ సిస్టర్ కృపావతి పట్టీ జరిపి డ్రమ్ము పక్కల చిల్లులు తెరవడం మరిచిపోయింది. ఆవిరి నా దాకా రాలేదు. ద్రవంలో తిండి కనబడగానే లేచి, సీసా అంతా పసుపు చేసి మురిసిపోయాను.

మర్నాడు సీసా చూసి ఆమె ముఖం పాలిపోయింది. డ్రమ్ము దగ్గరికి పరుగెత్తింది. చిల్లులు మూసే ఉన్నాయి. ఎవరూ చూడలేదు. వేలితో పట్టీ జరిపేస్తే నేరం ఆవిరి యంత్రం మీదికి పోతుంది. రిటైర్మెంటుకు ఇంకా మూడు నెలలే ఉన్నాయి. వేలు పట్టీ మీద కాసేపు ఆగింది.

డాక్టర్ వెంకటరత్నం వచ్చాడు. "డ్రమ్ముకి అంటించిన టేపు ఆవిరికి నల్లబడిందిగా సిస్టర్! హసీనాని తీసుకురమ్మంటారా? తొలికాన్పు, కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది."

"వద్దండీ. టేపు బయటుంది కాబట్టి నల్లబడింది. లోపలికి ఆవిరే పోలా. చిల్లులు తెరవలేదండీ నేను. తప్పు నాదే."

"ఇన్నేళ్ల సర్వీసు పెట్టుకుని ఇదేం పనమ్మా!" అని డాక్టర్ అరిచాడు. ఆమె తల వంచుకుని తిట్లు పడింది. ఆపరేషన్ ఒక రోజు ఆగింది.

ఈసారి చిల్లులు తెరిచి మా తమ్ముణ్ణి పెట్టారు. బుధవారం వాడి సీసా ఊదాగానే ఉంది. కృపావతి దాన్ని వెలుతురులో పట్టుకుని కళ్లొత్తుకుంది. ఒకడు చచ్చాడని మనిషి అంత సంతోషించడం నేనెప్పుడూ చూడలేదు. మధ్యాహ్నానికి గోడ అవతల పసిబిడ్డ ఏడుపు వినిపించింది.

పక్క స్టాండులో ఉన్న నాకూ సంతోషమే కలిగింది. నా బతుకులో నేను చేసిన ఒకే ఒక్క మంచిపని, బతికున్నానని బయటపడటం. అదీ తిండి కనబడితే ఆగలేక.