ఇచ్చే మాట

యోబుకో రేవుకి పోయే బస్సులో లియావ్ బున్‌హియోంగ్ దుబాసీ పక్కన కూర్చోలేదు. ఖాళీ సీటు చూపించినా తల అడ్డంగా ఊపి, వెనక వరసలోకి పోయి, టోపీ ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. తైవాన్‌లో హువేయ్ అనే ఊరి చక్కెర మిల్లులో ఫిట్టరు. చనిపోయిన తండ్రి ఎముక కోసం సముద్రం దాటి జపాను వచ్చాడు.

దుబాసీ పేరు మకినో రిత్సుకో. జపాను మనిషే అయినా, తైవాన్‌ని జపాను ఏలుతున్న రోజుల్లో అక్కడి తైచుంగ్‌లో పుట్టింది. యుద్ధంలో ఓడిపోయి జపాను వాళ్ళంతా ఓడలెక్కి వచ్చేసినప్పుడు, పద్నాలుగేళ్ళ పిల్లగా తనూ ఎక్కింది. ఇప్పుడు హకాతా రేవులో వర్తకుల మధ్య మాటలు మారుస్తూ బతుకుతోంది. ఆమె నోట తమ భాష విని కొందరు తైవాన్ వాళ్ళు మురిసిపోతారు. కొందరికి ఒళ్ళు మండుతుంది. లియావ్ ఆ రెండో రకం.

"మీ నాన్న మా దేశంలో ఏం చేసేవాడు?" అని బస్సెక్కే ముందే అడిగాడు.

"పోలీసు శాఖలో గుమస్తా."

"అనుకున్నాను." అంతే అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వాళ్ళు తిడితే తిట్టే నాకు చెప్పాలి. మీరు నున్నగా చెక్కి ఇవ్వక్కర్లేదు" అన్నాడు.

రిత్సుకో సరేనంది. కానీ ఇన్నేళ్ళ వృత్తిలో చెక్కకుండా ఇచ్చిన మాట ఒక్కటీ లేదని ఆమెకి తెలుసు. ఉన్నదున్నట్టు చెబితే హకాతాలో ఒక్క బేరమూ తెగదు.

లియావ్ తండ్రి జపానువాడు, పేరు కాజివారా తొకుజో. జపాను దొరతనం ఉన్న రోజుల్లో హువేయ్ మిల్లులో మెకానిక్కు. అక్కడి అమ్మాయితో కాపురం పెట్టి కొడుకుని కన్నాడు. కాగితాల్లో మాత్రం ఆ పెళ్ళి ఎక్కలేదు. ఓడిపోయాక ఓడెక్కుతూ, వెనక్కొస్తానని ఆవిడకి మాట ఇచ్చాడు. కొడుక్కి అప్పుడు ఎనిమిదేళ్ళు. తొకుజో యోబుకోలో చేపల పడవల ఇంజన్లు బాగుచేసే కొట్టు పెట్టుకుని, మిసావో అనే ఆవిడని పెళ్ళాడి, ఇంకో కొడుకుని కన్నాడు. మొన్న శీతాకాలంలో పోయాడు. మిల్లులో ఆయనతో పనిచేసిన జపాను ముసలాయన ఒకరు హువేయ్ చూసిపోదామని వచ్చినప్పుడు లియావ్‌కి ఆ కబురు తెలిసింది. తల్లి అప్పటికే పోయింది. పోయేదాకా ఎదురుచూసింది.

కొట్టు ముందు తీగల మీద కణవ చేపలు ఆరుతున్నాయి. లోపల డీజిల్ వాసన. రెండో కొడుకు షూహే వంగి ఇంజన్ మూత బిగిస్తున్నాడు. వీళ్ళు గుమ్మంలో నిలబడ్డారని తెలిసి కూడా ఆఖరి నట్టు దాకా బిగించి, చేతులు గుడ్డతో తుడుచుకుని అప్పుడు తలెత్తాడు. మనిషికి నలభై లోపే. దవడలు బిగుసుకుపోయి ఉన్నాయి. తన కంటే ముందు ఇంకో కొడుకున్నాడని పోయిన వారం రిత్సుకో ఫోన్ చేసేదాకా అతనికి తెలియదు.

"వీడేనా?" అన్నాడు జపానులో, రిత్సుకో వైపే చూస్తూ.

"వీరే లియావ్ గారు."

"మొహం చూస్తే తెలుస్తోందిలే." ఆ మాట అన్నందుకు తనమీద తనకే కోపం వచ్చినట్టు గుడ్డని బల్లమీదికి విసిరాడు. లియావ్ నుదురూ చెవులూ గోడమీది పటంలో ఉన్న తొకుజోవే.

పూజ బల్ల ఉన్న గదిలోకి తీసుకుపోయారు. తెల్లటి జరీ గుడ్డ చుట్టిన అస్థికల కుండ దానిమీదే ఉంది. వచ్చే ఆదివారం సమాధిలో పెట్టాలి. కింద కూర్చునే చిన్న పరుపులు రెండే వేసి ఉన్నాయి. ఒకదాని మీద షూహే కూర్చున్నాడు, రెండోది రిత్సుకోకి చూపించాడు. లియావ్ ఉత్త చాప మీద మోకాళ్ళు మడిచి కూర్చున్నాడు. మిసావో బార్లీ టీ తెచ్చి కొడుకు ముందొకటి, దుబాసీ ముందొకటి పెట్టి, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని గోడవారగా కూలబడింది. రిత్సుకో ఆ టీ ముట్టుకోలేదు.

లియావ్ మూడు ముక్కల్లో చెప్పాడు. ఆస్తి వద్దు. పేరు వద్దు. తండ్రి ఎముక ఒక్కటి కావాలి, తల్లి సమాధిలో పెట్టడానికి.

షూహే నవ్వాడు. "అందరూ ఎముక దగ్గరే మొదలుపెడతారు. రేపు కొట్టంటాడు, ఎల్లుండి పడవంటాడు. నలభై ఏళ్ళు ఏ కలుగులో దాక్కున్నాడట? ముసలాయన బతికుండగా రాలేక బూడిదయ్యాక వచ్చాడా? రాబందులు కూడా ఇంతకంటే ముందే వస్తాయి. చెప్పండి దుబాసీ గారూ, ఇదంతా చెప్పండి."

రిత్సుకో గొంతు సవరించుకుంది. "ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదని అడుగుతున్నారు. మీ మీద నమ్మకం కుదరడం లేదంటున్నారు."

లియావ్ ఆమె మొహంలోకి చూశాడు. "ఆయన అంతసేపు మాట్లాడాడు. మీరు నాకిచ్చింది ఇంతేనా?"

"అర్థం అంతే."

"నేనడిగింది అర్థం కాదు." ఆ తరవాత కొంచెం మెత్తబడి జవాబిచ్చాడు. "అప్పట్లో మా ప్రభుత్వం బయటికి వెళ్ళనిచ్చేది కాదని చెప్పండి. వెళ్ళనిచ్చాక మా అమ్మ మంచంలో ఉందని చెప్పండి."

ఆమె చెప్పింది. షూహే సగం విని చెయ్యి ఊపేశాడు. తల్లి వైపు తిరిగాడు. ఆవిడ పళ్ళెం అంచు వేలితో రుద్దుతోంది. కొడుక్కి ఆ మౌనం నచ్చలేదు. పూజ బల్ల మీది కుండ వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"ఎముకేగా! ఓ ముక్క పడేస్తాను, కరుచుకుని పొమ్మనండి."

రిత్సుకో తల దించుకుంది.

పడేస్తాను అనడానికి షూహే వాడిన మాట 'యారు'. ఇవ్వడానికి జపానులో ఒక్క మాట లేదు. సాటివాడికి నేనిస్తే ఒకటి, ఎదుటివాడు నాకిస్తే ఇంకొకటి, చేతులెత్తి పెద్దలకి సమర్పించుకుంటే మరొకటి. పైవాడు కిందికి దించి ఇచ్చేది 'యారు'. పెరట్లో మొక్కకి నీళ్ళు పోస్తే ఆ మాటే, కుక్కకి బొమిక వేస్తే ఆ మాటే. తైచుంగ్ ఇంట్లో వాళ్ళమ్మ మిగిలిన అన్నం పనిపిల్లకి వేస్తూ వాడిన మాట కూడా అదే. రేవులో రిత్సుకో అన్ని రకాల వాళ్ళనీ చూసింది. కొరియా వాళ్ళకి చిన్నవాడికి ఇవ్వడం వేరు, పెద్దవాడికి ఇవ్వడం వేరు. ఇంగ్లీషు కెప్టెన్లకి మహారాజుకైనా పిల్లికైనా ఒక్కటే మాట. తైవాన్ వాళ్ళకీ అంతే. ఎవరు ఎవరికిచ్చినా, పూలిచ్చినా చెంపదెబ్బ ఇచ్చినా, ఒక్కటే. అందుకే వాళ్ళ భాషలోకి మార్చేటప్పుడు విషం దానంతటదే కారిపోతుంది. ఆమె అబద్ధం చెప్పక్కర్లేదు కూడా.

"ఒక ఎముక ఇస్తానంటున్నారు" అంది.

లియావ్ కదల్లేదు. "ఏ మాట వాడాడు?"

"ఇస్తానన్నారు."

"యారు అన్నాడు." ఆ ఒక్క మాటా జపానులో పలికాడు. పిల్లాడి యాసలో, స్పష్టంగా.

షూహే ఉలిక్కిపడ్డాడు. మిసావో వేలు పళ్ళెం అంచున ఆగింది.

"నాకు జపాను భాష అంతా పోయింది" అన్నాడు లియావ్ తన భాషలో. గొంతు పెంచలేదు. "జపాను వాళ్ళు వెళ్ళిపోయాక బళ్ళో ఆ భాష మాట్లాడితే కొట్టేవాళ్ళు, పోయింది. ఈ ఒక్కటీ మిగిలింది. నాన్న మిల్లు నించి వస్తూ చెరుకు ముక్క తొక్క తీసి జేబులో వేసుకొచ్చేవాడు. నాకు ఆయన పెట్టిన పేరు ఫుమియో. ఫుమియో, ఇదిగోరా అని ఈ మాటే అనేవాడు. మరి ఇది తిట్టా? చెప్పండి. మీరు తల దించుకున్నారు కాబట్టి అడుగుతున్నాను."

రిత్సుకోకి ఇక తప్పించుకునే దారి లేకపోయింది. "తండ్రి అంటే ముద్దు. ఇప్పుడాయన అన్న తీరు... కుక్కకి వేసే తీరు."

లియావ్ షూహే వైపు చూశాడు.

"అయితే ఇది చెప్పండి. మా నాన్న నాకు ఆ మాటతో ఇచ్చాడు, ఇవ్వచ్చు. వీడు నాకంటే పదేళ్ళు చిన్నవాడు. అన్నకి తమ్ముడు ఇచ్చే మాట ఒకటి ఉంటుందిగా మీ భాషలో? ఆ మాట అని ఇమ్మనండి. అనకపోతే నాకు ఎముక వద్దు. ఇక్కడే కూర్చుంటాను."

"లియావ్ గారూ, వద్దు. ఇస్తానంటున్నారుగా, తీసుకుని వెళ్ళిపోదాం."

"మీకు కూలి ఎందుకిస్తున్నాను?"

రిత్సుకో చెప్పింది. ఈసారి ఏమీ చెక్కలేదు. అన్న అనే మాట, తమ్ముడు అనే మాట అలాగే పెట్టేసింది. పెడుతున్నప్పుడే ఏమవుతుందో తెలుసు.

షూహే ఒక్క ఉదుటున లేచాడు. టీ గ్లాసు దొర్లి చాప తడిసింది.

"అన్నా? ఎవడికి ఎవడు అన్న? నేను చేతులెత్తి వీడికి సమర్పించుకోవాలా? మా ఇంట్లో? మా నాన్న ముందు?" వేలు లియావ్ మొహం మీదికి పోయింది. "చెప్పండి దుబాసీ గారూ, బాగా చెప్పండి! ఆసుపత్రిలో నెల్లాళ్ళు ఆయన్ని ఎత్తి పడుకోబెట్టింది నేను. ఒళ్ళు తుడిచింది నేను. ఆఖరి రోజు నా చెయ్యి పట్టుకుని, నా కళ్ళల్లోకి చూసి ఏమన్నాడో తెలుసా? ఫుమియో అన్నాడు. ఫుమియో, ఫుమియో అంటూ పోయాడు. యుద్ధంలో పోయిన స్నేహితుడెవరో అనుకున్నాను, ఇందాక వీడి నోట ఆ పేరు వినేదాకా! నెలకో పువ్వు పెడుతున్నాను ఆ పేరు మీద!" కుండ వైపు చెయ్యి చాచాడు. "ఆ కుండ రేవులో కలిపేస్తాను గానీ వీడికి ఆ మాట అనను."

రిత్సుకో లియావ్ వైపు తిరిగింది. ఫుమియో అన్న పేరు విన్నప్పుడే అతని మొహం మారిపోయింది. మిగతాది మార్చి చెబుతుంటే కళ్ళు మూసుకుని విన్నాడు. కానీ లేవలేదు.

"అయినా ఆ మాట అనాలి" అన్నాడు.

షూహే పూజ బల్ల వైపు అడుగేశాడు. నిజంగానే కుండ ఎత్తేవాడేమో.

"కూర్చోరా."

మిసావో గొంతు పెద్దది కాదు. షూహే ఆగిపోయాడు.

ఆవిడ లేచి కొడుకుని భుజంతో పక్కకి నెట్టి, బల్ల మీంచి కుండ దించింది. జరీ గుడ్డ ముడి విప్పింది. వంటింట్లోకి పోయి పొడవాటి చాప్‌స్టిక్‌ల జత, మడత నలగని తెల్ల కాగితం తెచ్చింది. కుండలో వెతికింది. గొంతు ఎముకని ముట్టుకోలేదు. అది అన్నిటికంటే పవిత్రమైంది, ఇంటికి ఉండాలి. వేలు ఎముక లాంటిది ఒకటి తీసి కాగితంలో పెట్టి మడిచింది.

"ఫుమియో ఎవరో నాకు తెలుసు" అంది కొడుకుతో, వాడి వైపు చూడకుండా. "పెళ్ళయిన ఏడాదే తాగి చెప్పాడు. తెల్లారి చెప్పలేదన్నాడు. నేనూ విన్లేదన్నాను. అలాగే గడిపేశాం."

"అమ్మా!"

"నోర్మూసుకో. ఈయన ఎముకలు నీవి కావు, ఇవ్వడానికి. నావి."

లియావ్ ఎదుటికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. వీపు నిటారుగా పెట్టి, కాగితం పొట్లాన్ని రెండు చేతులతో నుదుటి ఎత్తుకి ఎత్తింది. అన్నిటికంటే పైమెట్టు మీది మాట వాడింది, దొరలకీ గుడి పూజారులకీ వాడే మాట. "తమకి సమర్పించుకుంటున్నాను. దయచేసి స్వీకరించండి. ఇక ఈ గుమ్మం తొక్కకండి. సమాధి దగ్గరికీ రాకండి."

రిత్సుకో ఒక్క ముక్కా వదలకుండా మార్చి చెప్పింది, సమర్పించుకోవడం మాత్రం అతని భాషలో ఉత్త ఇవ్వడం అయిపోయింది. లియావ్ రెండు చేతులతో అందుకున్నాడు. నుదురు చాపకి ఆనేదాకా వంగాడు, కుండ వైపు. ఆవిడకి కాదు, షూహేకి అసలే కాదు.

వాళ్ళు చెప్పులేసుకుంటుంటే షూహే వంటింట్లోంచి గుప్పెడు ఉప్పు తెచ్చి గుమ్మంలోంచి విసిరాడు, చెడు మనిషి పోయాక ఇల్లు శుద్ధి చేసుకునేలా. ఇంకా పోకముందే విసిరాడు. సగం రిత్సుకో మెడ మీద పడింది.

"మీరు కూడా మళ్ళీ రావద్దు" అన్నాడు ఆమెతో.

బస్సు స్టాపు దగ్గర గాలి బలంగా వీస్తోంది. లియావ్ పొట్లాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టి గుండీ పెట్టుకున్నాడు. అప్పుడు అడిగాడు, "ఆవిడ వాడింది ఏ మాట?"

"అన్నిటికంటే పైది."

అతని భుజాలు కొంచెం వదులయ్యాయి. రిత్సుకో అక్కడితో ఆపేయవచ్చు. వృత్తిలో ఎప్పుడూ అక్కడే ఆపేసేది. కానీ మెడ మీద ఉప్పు మండుతోంది. ఈ మనిషి పొద్దుటినించీ తనని నమ్మకుండానే ఉన్నాడు, అందులో అన్యాయమేమీ లేదు.

"ఇంటివాళ్ళకి ఆ మాట వాడరు లియావ్ గారూ. సొంత కొడుక్కి గానీ, అన్నకి గానీ వాడరు. బయటివాళ్ళకే. అంత ఎత్తు నించి ఇస్తే తలుపు వేసినట్టు."

లియావ్ ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉంది. చెప్పినందుకో, చెప్పించుకున్నందుకో.

"అంటే, తిట్టిన వాడిదే ఇంటి మాటన్నమాట."

అతను రేవు వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

"మా అమ్మ సమాధి దగ్గర ఏమని చెప్పాలి?" అన్నాడు. "ఇచ్చారని చెబుతాను. మా భాషలో ఇవ్వడం ఒక్కటే. అబద్ధం కాదుగా?"

"కాదు."

"మిమ్మల్ని అడగలేదు" అన్నాడు.

బస్సు వచ్చింది. ఈసారి కూడా అతను వెనక వరసకే పోయాడు. దారిలో కరాత్సు అనే ఊళ్ళో దిగేటప్పుడు కూలి డబ్బున్న కవరు ఆమె సీటు మీద పెట్టి, తల కూడా వంచకుండా దిగిపోయాడు. రిత్సుకో హకాతా దాకా ఒక్కతే కూర్చుంది. మర్నాడు పొద్దున్న ఒక చేపల వర్తకుడి బేరం ఉంది. మాట ఇచ్చింది గనక వెళ్ళింది. కానీ ఆ రోజు మాటని నున్నగా చెక్కబోయినప్పుడల్లా ఆమె నాలుక తడబడింది, బేరం తెగలేదు.