వానాకాలంలో ఫ్రిజ్

అత్తగారు పోయి ఏళ్ళు గడిచినా ఆ ఇంట్లో ఇద్దరి హోదాలూ మారలేదు. ఒకామె పెద్దకోడలు, ఇంకొకామె చిన్నకోడలు. అన్నదమ్ములు కూడా ఒకరి వెనక ఒకరు దాటిపోయారు. మిగిలింది తోడికోడళ్ళిద్దరూ, వాళ్ళ చేతికొచ్చిన లాండ్రీ. ముందు గదిలో ఇస్త్రీ బల్లలు, వెనక గదిలో నీళ్ళ తొట్లు, ఉతికే యంత్రం, మేడ మీద కాపురానికి రెండు గదులు. ఆసుపత్రి దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల తెల్లకోట్లు వ్యానులో మాసి వచ్చేవి, అదే వ్యానులో ఇస్త్రీ మడతలతో వెళ్ళేవి.

పెద్దకోడలిది ఇస్త్రీ, చిన్నకోడలిది ఉతుకు. వింతేమిటంటే, నిప్పు దగ్గర నిలబడే పెద్దకోడలు నడి ఎండాకాలంలో కూడా పొగలు కక్కే టీ తప్ప ముట్టదు. పొద్దస్తమానం నీళ్ళలో నానే చిన్నకోడలు వణికించే వానలో కూడా ఐసు ముక్కలు గలగలలాడితే తప్ప గ్లాసు పట్టుకోదు. దుప్పట్లు తెచ్చే వ్యాను డ్రైవరు వాళ్ళకు వేడక్క, చల్లక్క అని పేర్లు పెట్టాడు.

"వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు. ఆ లెక్కన ఈ ఇల్లు గోరువెచ్చగా ఉండాలి గదా, ఎప్పుడొచ్చినా ఈ రచ్చేంటక్కా?" అనేవాడు మూటలు దింపుతూ.

"నువ్వే చెప్పు నాయనా దానికి. ఒంట్లో వేడిని వేడే లాగాలి. టీ తాగితే చెమట పడుతుంది, ఆ చెమట ఆరితే ఒళ్ళు చల్లబడుతుంది" అనేది పెద్దకోడలు.

"చెమట పట్టడానికి టీ కూడా కావాలా అక్కా? నిన్ను చూసి ఇస్త్రీపెట్టెకే ముచ్చెమటలు పడుతున్నాయి" అనేది చిన్నకోడలు.

"నవ్వు, నవ్వు. గొంతు పట్టేసి మూలిగేటప్పుడు నీకు కషాయం కాచేది ఈ డ్రైవరు కాదు, నేను."

"నన్ను మధ్యలోకి లాగకండి తల్లీ. నేను సోడా మనిషిని" అని డ్రైవరు వ్యానెక్కేవాడు.

ఎండాకాలమంతా ఇలా నవ్వులాటగా సాగిపోయేది. వాన పడితే మాత్రం నవ్వులాట ఉండేది కాదు. మొదటి వాన చినుకు కిటికీ రేకు మీద టపటపమనగానే పెద్దకోడలు ఇస్త్రీపెట్టె నిలబెట్టి మేడెక్కేది. ఫ్రిజ్ ప్లగ్గు ఊడబీకి, వైరు చుట్టి, తలుపు ఓరగా తెరిచి పెట్టేది. మధ్యాహ్నం చిన్నకోడలు వచ్చి చూసి మళ్ళీ పెట్టేది. పెద్దకోడలు మళ్ళీ పీకేది. ఆ మాటల యుద్ధం వీధి చివరి దాకా వినపడేది.

అది ఊరికే పట్టిన మొండిపట్టు కాదు. పెద్దకోడలి భర్త ఒక మండుటెండ రోజున పని మీద తిరిగి తిరిగి, దారిలో ఫెళ్ళున కురిసిన వానలో తడిసి ఇంటికొచ్చాడు. తడి బట్టలతోనే ఫ్రిజ్ ముందు నిలబడి సీసాడు నీళ్ళు గటగటా తాగాడు. "ప్రాణం లేచొచ్చిందే" అన్నాడు. ఆ సాయంత్రమే జ్వరం పట్టుకుంది, ఛాతీ నిండింది, ఆసుపత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ నడిచి రాలేదు. ఊపిరితిత్తులు ఎప్పటినుంచో చెడి ఉన్నాయి, మంచినీళ్ళ తప్పేమీ లేదని డాక్టరు ఎంతో ఓపిగ్గా చెప్పాడు. ఆవిడ తలూపింది, నమ్మలేదు. మనిషి పోయాక ఎవరో ఒకరి మీద నేరం మోపకపోతే మనసు నిలవదు. ఆవిడ ఫ్రిజ్ మీద మోపింది.

అప్పటినుంచి ఆవిడకు ప్రతి దగ్గూ ఒక ప్రయాణం మొదలైన చప్పుడులాగే వినపడేది. పాలబ్బాయి తుమ్మినా సరే, "లోపల స్వెట్టరు వేసుకున్నావా" అని అడిగేది. ఇక చిన్నకోడలి సంగతి చెప్పేదేముంది. లోకంలో తనకు మిగిలింది అదొక్కతే.

ఈ ఏడాది వానలకు ముందే చిన్నకోడలికి చెల్లెలి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఆ సంగతి దుప్పటి పిండుతూ నవ్వులాటగానే చెప్పింది.

"మా చెల్లెలు వచ్చెయ్యమంటోంది అక్కా. వాళ్ళాయనకి మోకాళ్ళు పట్టేశాయట, గుండీలు, దారాల కొట్టులో కూర్చునే దిక్కు లేదట. ఒక గది కూడా ఇస్తుందట."

"నువ్వేమన్నావు?" రెండో కొస పట్టుకున్న పెద్దకోడలి చేతులు ఆగిపోయాయి.

"ఆలోచిస్తానన్నాను."

రానంటే బాధ లేదు, వస్తానన్నా ఏడ్చి ఊరుకోవచ్చు. ఈ 'ఆలోచిస్తాను' మాత్రం పంటి కింద రాయిలా ఉండిపోయింది. పెద్దకోడలు ఇస్త్రీ చేస్తూ అదే ఆలోచించింది, అన్నం ముందు కూర్చుని అదే ఆలోచించింది. ఇన్నేళ్ళ కాపురాన్ని కాదని ఎందుకు వెళ్ళాలనుకుంటోంది? నేనేం తక్కువ చేశాను? వెతికి వెతికి ఒకటే దొరికింది. నా నోరు. గుక్కెడు చల్లటి నీళ్ళు కూడా సుఖంగా తాగనివ్వని ఈ పోరు. ఎవరికైనా విసుగు రాదూ?

దాంతో ఒక నిర్ణయానికొచ్చింది. నోరు కట్టేసుకుంటే మనిషి నిలబడుతుంది.

మొదటి వాన మధ్యాహ్నం వేళ వచ్చింది. రేకు మీద టపటపలు మొదలయ్యాయి. పెద్దకోడలు ఇస్త్రీపెట్టె నిలబెట్టి మేడెక్కింది. ప్లగ్గు దాకా వెళ్ళిన చెయ్యిని వెనక్కి లాక్కుంది. ఐసు అచ్చుల్లో నీళ్ళు నింపింది. నిమ్మకాయ పిండి, పంచదార కలిపి, అప్పటికే గడ్డకట్టి ఉన్న ముక్కలు నాలుగు వేసి, గ్లాసు బల్ల మీద పెట్టింది.

చిన్నకోడలు పైకొచ్చి ముందు ఫ్రిజ్ వంక చూసింది. అది గుర్రుమంటూనే ఉంది. తర్వాత గ్లాసు చూసింది.

"ఎవరికి?"

"నీకేనే. తాగు."

"వాన పడుతోంది అక్కా."

"పడితే పడనీ. దాహానికి వానేమిటి, ఎండేమిటి."

చిన్నకోడలు ఆవిడ మొహంలోకి తేరిపార చూసింది. సగం తాగి గ్లాసు పెట్టేసింది. పెద్దకోడలు ఆ సాయంత్రమంతా చెవులు రిక్కించి కూర్చుంది. దగ్గు రాలేదు. వచ్చినా తిట్టే హక్కు తనకు లేదు గనుక, ఆ భయం రెట్టింపయింది.

మర్నాడు డ్రైవరు మూటలు దింపి గుమ్మంలో నిలబడిపోయాడు. "ఏంటక్కా, ఈ ఏడు మీ గొడవ వినపడలేదు? నేను తడిసింది వానలో కాదేమో అనుకున్నాను."

ఇద్దరూ నవ్వలేదు. అతనే కాసేపు నవ్వి, ఎటూ తోచక వెళ్ళిపోయాడు.

తర్వాత రోజులన్నీ అలాగే గడిచాయి. ముసురు పట్టి దుప్పట్లు ఆరక, ఇస్త్రీతోనే ఆరబెట్టాల్సి వచ్చి పెద్దకోడలి నడుము విరిగిపోయేది. అంత అలసటలోనూ వేళకు మేడెక్కి ఐసు నీళ్ళు తెచ్చి ఇచ్చేది. మాటలు మింగి మింగి దవడలు నొప్పెట్టాయి. ఆవిడ ఎంత మెత్తబడితే చిన్నకోడలు అంత ముభావంగా తయారైంది. యంత్రం డ్రమ్ము ఎక్కడ పట్టేస్తుందో, ఎలా తట్టాలో అడగకుండానే చూపించింది. సోడా ఎంత, సబ్బు ఎంత అన్నది రెండుసార్లు చెప్పింది. ఒక మధ్యాహ్నం పెద్దకోడలు పైకొచ్చేసరికి అటక మీది రేకుపెట్టె నేల మీద ఉంది. చిన్నకోడలు తడిగుడ్డతో దాని బూజు తుడుస్తోంది.

"అదెందుకు దింపావే?"

"వెళ్ళడానికి."

"ఎవరు వెళ్ళమన్నారు నిన్ను?"

"నువ్వే గదక్కా."

"నేనా? నా నోటితో నేనా?"

"నోటితో అననక్కర్లేదు. మొదటి వాన రోజున నువ్వు ఫ్రిజ్ ఆపలేదు. పైగా నిమ్మరసం కలిపి పెట్టావు. మర్యాదలు చుట్టాలకు గదా చేస్తాం? ఇంట్లో మనిషినైతే తిట్టి ఉండేదానివి. సరే, అక్క మనసులో పంపించేసింది, ఇంకా చూరు పట్టుకుని వేలాడటం దేనికి అనుకున్నాను. ఆ రాత్రే చెల్లెలికి వస్తానని చెప్పాను."

పెద్దకోడలు అక్కడే గోడకు ఆనుకుని కూలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఓసి పిచ్చి మొహమా! నువ్వు పోకూడదనే గదే! నా పోరు పడలేక పోతున్నావనుకుని నోరు కుట్టేసుకున్నాను. నువ్వు ఒక్కో గుక్క మింగుతుంటే ఇక్కడ నా ప్రాణాలు తోడేసినట్టుండేది!"

చిన్నకోడలు నోరు తెరిచి చూసి, పక్కుమంది. "అంత విషంలా కనపడిందా నీకు? అందుకేనా నేను తాగుతుంటే నువ్వు మొహం అలా పెట్టేదానివి! అసహ్యం పుట్టిందనుకున్నాను."

"నీ తెలివి తగలెయ్య."

"నీదేమన్నా తక్కువా?"

చాలా రోజుల తర్వాత ఇద్దరూ నవ్వుకున్నారు. పెద్దకోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇక ఆ పెట్టె పైన పారెయ్యి. మీ చెల్లెలికి నేను చెప్తాను" అంది.

చిన్నకోడలు కదల్లేదు. తుడిచే గుడ్డని మడతపెట్టి పక్కన పెట్టింది.

"అయినా వెళతానక్కా."

"మళ్ళీ ఏమొచ్చింది?"

"నేను ఐసు నీళ్ళు ఎందుకు తాగుతానో ఎప్పుడన్నా అడిగావా?"

"అడిగేదేముంది? నాలుక చాపల్యం."

"చేతుల కోసం" అని రెండు చేతులూ ముందుకు చాపింది.

పెద్దకోడలు చూసింది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం నెర్రెలు విచ్చి ఉంది. గోళ్ళు నానిపోయి, అంచులు ఊడి, తెల్లగా ఉన్నాయి. అరచేతుల్లో గీతలు కనపడటం లేదు. ఇన్నేళ్ళూ ఆ గ్లాసునే చూసింది, ఆ గొంతునే చూసింది. గ్లాసును పట్టుకున్న వేళ్ళని మాత్రం చూడలేదు.

"వేడి సోడా నీళ్ళలో పెట్టి తీసి, పెట్టి తీసి, నిప్పంటుకున్నట్టు మండుతాయి. చల్లటి గ్లాసు పట్టుకుంటే కాసేపు తెలియదు. ఉత్తినే పట్టుకుని నిలబడితే అత్తగారు పని ఎగ్గొడుతున్నానని అనేది. అందుకని తాగేదాన్ని. తాగగా తాగగా అలవాటైపోయింది."

"రబ్బరు తొడుగులు వేసుకోవాల్సింది."

"వేసుకున్నాను. లోపల చెమట పట్టి ఇంకా పాకింది."

"నాకు చెప్పొచ్చు గదే!"

"చెప్తే ఏం చేసేదానివి? ఉతుకు నువ్వు తీసుకునేదానివి. నీదసలే పడిశం ఒళ్ళు. నువ్వు దగ్గితే నేను నిద్ర మానుకుని కూర్చోవాలి. భయం నీ ఒక్కదానికే ఉందనుకున్నావా?"

కిందనుంచి యంత్రం తిరగడం ఆగిన చప్పుడు వచ్చింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

"రేపటినుంచి నువ్వు ఇస్త్రీకి రా. నేను నీళ్ళలోకి దిగుతాను" అంది చివరికి.

"వద్దక్కా. నువ్వు దిగుతావని తెలిసే ఇన్నాళ్ళూ చెప్పలేదు. నాకు కోపం లేదు, విసుగు లేదు. అలిసిపోయాను. ఒక్కసారి ఈ చేతులు పూర్తిగా ఆరితే ఎలా ఉంటాయో చూసుకోవాలని ఉంది. అంతే."

ఉండమంటే ఉంటుంది. ఆ సంగతి పెద్దకోడలికి బాగా తెలుసు. ఒక్క మాట చాలు, ఒక్క కన్నీటి బొట్టు చాలు, పెట్టె అటకెక్కేస్తుంది, రేపు పొద్దున్నే ఆ చేతులు మళ్ళీ తొట్లో మునుగుతాయి. పోతున్న వాళ్ళను ఆపడం ఆవిడ చేతిలో ఎన్నడూ లేకపోయింది. తీరా ఆ బలం చేతికొచ్చిన రోజున దాన్ని వాడుకునే వీలు లేకపోయింది. 'ఉండవే' అన్న మాట పళ్ళ దాకా వచ్చింది. టీ వేడి ఊదుకున్నట్టు మెల్లగా ఊపిరి వదిలింది.

"మీ చెల్లెలి కొట్టు గోడలు చెమ్మగా ఉంటాయా?" అని అడిగింది.

"పొడిగానే ఉంటాయట."

"అయితే ఆదివారం వెళ్ళు. బస్సు ఖాళీగా ఉంటుంది."

ఆదివారం పొద్దున డ్రైవరు మూటల మధ్య చోటు చేసి రేకుపెట్టె ఎక్కించాడు. బస్టాండు దాకా దింపుతానన్నాడు. ఆసుపత్రి ఉతుకు పై వారం నుంచి వేరే చోటికి వెళుతుందట, ఇక్కడికి ఇస్త్రీ మాత్రమే వస్తుందట. ఆ ఏర్పాటు కూడా అతనే చూశాడు.

"చల్లక్కా, నువ్వు పోతే వేడక్క నన్ను మరిగిస్తుంది" అన్నాడు.

"మరగబెట్టనీ. పచ్చిగానే ఉన్నావు ఇంకా."

పెద్దకోడలు వ్యాను తలుపు పట్టుకుని వదల్లేదు. "కిటికీ పక్కన కూర్చోకు, జల్లు కొడుతుంది. తలకి గుడ్డ కట్టుకో. దిగగానే ఫోను చెయ్యి. దారిలో ఐసు నీళ్ళు తాగకు."

"తాగుతాను."

"చేతులకు ఇక పనేముందే?"

"ఇప్పుడు గొంతు అడుగుతోందక్కా" అని నవ్వింది చిన్నకోడలు. నవ్వుతూనే ఆ నెర్రెల చేత్తో ఆవిడ వేళ్ళని ఒక్కొక్కటే తలుపు మీంచి విడదీసింది. వ్యాను కదిలింది. మలుపు తిరిగాక కూడా దాని ఇంజను చప్పుడు కాసేపు వినపడింది, తర్వాత వానే వినపడింది.

చేసేందుకు పనేమీ లేదు. అయినా మధ్యాహ్నం వేళ అలవాటుగా పెద్దకోడలు వెనక గదిలోకి వెళ్ళింది. తొట్లు బోర్లించి ఉన్నాయి. నేల ఆరిపోయింది. ఆ గదిలో బండలు నల్లనివని ఆవిడ ఇన్నాళ్ళూ అనుకుంది. కావు, వెలిసిన పసుపు రంగు. బయట అంత ముసురున్నా ఎక్కడా చెమ్మ లేదు. ఆవిడ వాటి మీద అడుగు పెట్టింది. కాళ్ళకు చల్లగా జివ్వుమంది. చెప్పులు వేసుకోవాలని గుర్తొచ్చింది గానీ, కాసేపు అలాగే నిలబడింది.