శ్రీలలిత అడిగిన ప్రశ్న

తిరువూరు మెయిన్ రోడ్డులో పురుగుమందుల కొట్టు నడిపే రాజేంద్రప్రసాద్ ఎవరికీ జంకే మనిషి కాదు. కూతురి చదువు గురించి అడిగితే మాత్రం నసిగేవాడు. "మందుల మీద రీసెర్చండి" అని మాట దాటేసేవాడు. పురుగుమందులు మగ ఎలుకల వృషణాలకి ఏం చేస్తాయో శ్రీలలిత పరీక్షిస్తోందని నలుగురిలో చెప్పడానికి ఆయనకి నోరు పెగిలేది కాదు.

ఆ జులైలో ఒక కంపెనీ పత్తికి కొత్త మందు తెచ్చింది. కల్యాణమండపంలో డీలర్లనీ, గంపలగూడెం, ఎ.కొండూరు వైపు రైతులనీ పిలిచి మీటింగు పెట్టింది. సెలవుకి వచ్చిన శ్రీలలిత కూడా తండ్రి వెంట వెళ్ళింది.

"మగ ఎలుకలకి రెండున్నర నెలలు మందు పట్టించి చూశామండి. వృషణాల బరువు రవ్వంతైనా తగ్గలేదు. పిల్లలు పుట్టరేమోనన్న భయమే అక్కర్లేదు" అన్నాడు కంపెనీ ఆఫీసరు.

శ్రీలలిత లేచి నిలబడింది. "బరువొక్కటే చూశారా సార్? వీర్యకణాలు లెక్కపెట్టారా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజేంద్రప్రసాద్ తల దించుకున్నాడు.

"బరువు చూస్తే చాలమ్మా" అన్నాడు ఆఫీసరు.

"చాలదు సార్. మా యూనివర్సిటీ ల్యాబులో మేం వేరే మందు పరీక్షించినప్పుడు, అది తిన్న ఎలుకలకీ తిననివాటికీ బరువులు ఒకేలా వచ్చాయి. మా మేడమ్ అంతటితో వదలనివ్వలేదు. ఏ స్లైడు ఏ ఎలుకదో నాకు తెలియకుండా వేరేవాళ్ళు నంబర్లు వేశారు. ఇరవై రోజులు మైక్రోస్కోపు ముందే కూర్చుని లెక్కపెట్టాను. తీరా నంబర్లు విప్పి చూస్తే, మందు తిన్నవాటిలో కణాలు సగానికి పడిపోయాయి. మిగిలినవాటిలో చాలావాటికి తోకలు వంకరపోయాయి."

నెమలి గ్రామం నుంచి వచ్చిన పెద్దరైతు సీతారామారావు లేచాడు. "ఎలుకల సంగతి సరేనమ్మా. మరి మా సంగతేంటి?"

"మీకూ అలాగే అవుతుందని నేను చెప్పలేనండి. కానీ సరిగ్గా చూడకుండా, ఏమీ కాదని మాత్రం ఎవరూ చెప్పకూడదు."

ఆఫీసరు కాసేపు కాగితాలు తిరగేశాడు. "ఆ లెక్కలు నా దగ్గర లేవండి. కనుక్కుని చెబుతాను" అని ఒప్పుకున్నాడు.

"ఎవరి అమ్మాయివమ్మా నువ్వు?" అడిగాడు సీతారామారావు.

శ్రీలలిత నోరు విప్పేలోపే రాజేంద్రప్రసాద్ లేచాడు. "మా అమ్మాయేనండి! మగ ఎలుకల వృషణాల మీద పరిశోధన చేస్తోంది." ఆ గొంతు హాలు చివరిదాకా వినిపించింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన అక్కడితో ఆగలేదు. "ఆ లెక్కలు వచ్చి, మా అమ్మాయి చదివాకే ఈ మందు నా కొట్లో పెడతానండి" అన్నాడు ఆఫీసరుతో.

భోజనాల దగ్గర రైతులు శ్రీలలిత చుట్టూ మూగారు. చేతులకి ఏం తొడుక్కోవాలి, గాలికి ఎటు నిలబడి కొట్టాలి, ఒకటే ప్రశ్నలు. ముప్పై ఏళ్ళుగా మందులమ్ముతున్న రాజేంద్రప్రసాద్ కూడా కంచం పట్టుకుని వాళ్ళ వెనకే నిలబడి, కూతురు చెప్పేది శ్రద్ధగా విన్నాడు.