తప్పుగా పడుకున్న బుడుబుంగ

ఊపో చిత్తడి నేల మీద పొగమంచు ఇంకా విడలేదు. ఒక్‌బున్ రబ్బరు బూట్లు తొడుక్కుని మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, రెల్లు పక్కన నిద్రపోతున్న బాతుల నడుమ బుడుబుంగలా చెక్కిన ఒక చెక్క పిట్టను వదిలింది. దానికి కట్టిన రాయి అడుగుకు చేరాక పిట్ట కదలకుండా కుదురుకుంది. ఆమె వెనక్కి తిరిగేసరికి పెద్దబాతుల మంద ఒకటి గోలగోలగా లేచిపోయింది.

"అరవకండే! ఊరంతా లేస్తుంది," అని గొణుక్కుంటూ గట్టెక్కింది.

పిట్టను చెక్కినవాడు ఆమె భర్త దల్సు. మొన్న వసంతంలో పోయాడు. అతని దుర్బిణి మాత్రం మూడుకాళ్ళ స్టాండు మీద, వంటగది కిటికీ దగ్గర, అతను వదిలిన చోటే ఉంది. చలికాలంలో వచ్చేవాళ్ళకు పక్షులను చూపించే పని ఇప్పుడు అతని స్నేహితుడు పాన్‌గిల్‌ది. దుర్బిణి ఇమ్మని ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. ఇవ్వడమే న్యాయం. కానీ ఇస్తే కిటికీ దగ్గర ఏమీ ఉండదు. అందుకే ఆమె పందెం వేసింది. నిద్రపోతున్న పక్షులను ఒక్క తప్పు లేకుండా చెబితే దుర్బిణి అతనిది. చెక్కముక్కను పక్షి అన్నాడా, అది ఇంట్లోనే ఉంటుంది.

ఎండ పొడ తగిలే వేళకు పాన్‌గిల్ వచ్చాడు. ఆమె తెచ్చిన దుర్బిణిని గట్టు మీద నిలబెట్టుకుని, ఆమె ఇచ్చిన చిలగడదుంప నములుతూ మొదలుపెట్టాడు.

"ఒంటికాలి మీద నిలబడి, ముక్కు వీపు ఈకల్లో దాచుకున్నది తెడ్డుమూతి కొంగ. అదిగో, మెడను వీపు మీద చుట్టేసుకున్నది హంస. ఈ గుంపు బాతులు. అంచునున్నది చూడు వదినా, ఒక కన్ను తెరిచే పడుకుంది. కాపలా."

"సోది ఆపి, రెల్లు పక్కనున్నదేమిటో చెప్పు మరిదీ."

పాన్‌గిల్ కన్ను ఆనించాడు. నమలడం ఆగింది.

"బుడుబుంగ," అన్నాడు.

ఒక్‌బున్ చప్పట్లు కొట్టింది. "ఓడిపోయావు! చెక్కది!"

"చెక్కదని తెలుసు. కావాలనే పక్షి అన్నాను. నేనూ పొద్దున ఒక కన్ను తెరిచే పడుకున్నాను. పెద్దబాతులు అంత గోల చేస్తే మా ఇంటి కిటికీలోంచి చూడనా? గౌను ఎత్తిపట్టుకుని నువ్వూ ఒక కొంగలాగే ఉన్నావు."

"నోరు ముయ్యి!"

"అయినా అసలు బుడుబుంగ అలా పడుకోదు వదినా. బాతులా తల వెనక్కి తిప్పదు. ముందుకే చూస్తూ, ముక్కును మెడ పక్కన దోపుకుంటుంది."

"అలాగే పడుకుంటుందని ఆయనే చెప్పాడు నాకు!"

"అన్న మొదటి పిట్టకు ముక్కు చెక్కబోయి విరగ్గొట్టాడు. రెండోదీ అంతే. మూడోదానికి ముక్కే లేకుండా తల వీపులో పెట్టేశాడు. 'మీ వదినకు చెప్పావంటే చంపేస్తాను' అన్నాడు అన్న."

ఇన్నేళ్ళూ ఆ పిట్ట ఆమె వంటింటి అరలోనే ఉంది. చుట్టాలొస్తే చూపించి, బుడుబుంగ ఎలా పడుకుంటుందో తానే వివరించేది. ఒక్‌బున్‌కు ముందు ఒళ్ళు మండింది. తర్వాత నవ్వొచ్చింది. గట్టు మీద చతికిలబడి, కొంగలన్నీ తలలెత్తి చూసేంతగా నవ్వింది. పాన్‌గిల్ చిలగడదుంప తొక్క ఒలవడంలో మునిగినట్టు నటించాడు.

కళ్ళు తుడుచుకుని లేచింది. దుర్బిణి మర విప్పి అతని చేతిలో పెట్టింది. స్టాండు కాళ్ళు మడిచి తన చంకలో పెట్టుకుంది.

"అదేమిటి? స్టాండు లేకుండా ఇదెందుకు? చేతులు వణుకుతాయి."

"తెలిసి ఓడినవాడు గెలిచినట్టే. కానీ పందెం దుర్బిణికే. స్టాండు మా ఇంట్లోనే ఉంటుంది, కిటికీ దగ్గర. రోజూ పొద్దున్నే వచ్చి పట్టుకెళ్ళు. సాయంత్రం తెచ్చి అక్కడే నిలబెట్టు."

"రోజూనా? చలిలో?"

"రోజూ. బార్లీ టీ కాచి ఉంచుతాను. ఆయన నాకు చెప్పిన అబద్ధాలు ఇంకేమున్నాయో, వచ్చినప్పుడల్లా ఒకటి చెప్పి పోవాలి."

పాన్‌గిల్ నీళ్ళవైపు చూశాడు. "అయితే ఈ చలికాలం చాలదు వదినా."