కింది అరలో నాలుగు డ్రైవ్‌లు

సోమవారం పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి సర్వర్ ఆన్ చేసేసరికి, ఎనిమిది హార్డ్ డ్రైవ్‌లు ఉండాల్సిన చోట నాలుగే కనిపించాయి.

ఆమె స్క్రీన్ దగ్గరకు జరిగి మళ్ళీ చూసింది. పై అరలోని నాలుగూ బుద్ధిగా వరసలో ఉన్నాయి. కింది అరలోవి లేవు. పాడయ్యాయని చెప్పడం లేదు, తప్పులున్నాయనీ చెప్పడం లేదు. అసలు అలాంటివి ఈ పెట్టెలో ఎప్పుడూ లేనట్టే ఉంది దాని వాలకం. వంగి కింది డ్రైవ్ మీద చెయ్యి వేసింది. తిరుగుతున్న డ్రైవ్‌కు సన్నని వణుకు ఉంటుంది, నిద్రపోతున్న పిల్లి పొట్టలా. ఇది చల్లగా, రాయిలా ఉంది. పక్కదీ అంతే. దాని పక్కదీ అంతే.

"అమ్మాయ్, పాలు!" వంటింటి వైపు నుంచి అత్తగారి కేక.

పాలు పొంగి పొయ్యంతా పారాయి. తుడుస్తుంటే భర్త టై సర్దుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏమిటి ఇంజనీరు మేడమ్ గారూ, ఇల్లు తగలెడుతున్నారా?" అన్నాడు నవ్వుతూ. తర్వాత ఆమె మొహం చూశాడు. నవ్వు సగంలో ఆపేసి, "ఏమైంది?" అన్నాడు.

"కింది అర డ్రైవ్‌లు నాలుగూ కనబడటం లేదండీ. శనివారం బాగానే ఉన్నాయి."

"అవునా," అని, వాచీ చూసుకుని, టిఫిన్ డబ్బా అందుకుని వెళ్ళిపోయాడు.

గురువారం ఆ పెట్టె స్కానింగ్ సెంటర్‌కు చేరాలి. సెంటర్ నడిపే డాక్టరమ్మ మొహమాటం లేని మనిషి. ఏళ్ళ తరబడి తీసిన స్కాన్లన్నీ ఎక్కడెక్కడి డిస్కుల్లోనో పడి ఉన్నాయి. మళ్ళీ వచ్చిన పేషెంటుకు పాత బొమ్మ చూపించాలంటే ముగ్గురు మనుషులు అల్మారాలు తవ్వాలి. "అన్నీ ఒక్కచోట ఉండేలా కట్టి పట్రా. గురువారం నా కళ్ళ ముందు నడవాలి. నడిస్తే మా మూడు సెంటర్ల స్టోరేజీ నువ్వే చూసుకో, నెల జీతం మీద. నడవకపోతే కంపెనీవాళ్ళను పిలుచుకుంటాను, ఏమనుకోకు," అంది. ఏమీ అనుకోలేదామె. ఆ మాటలో జాలి లేదని సంతోషించింది. జాలిపడి ఇచ్చే పనులు ఆమెకు ఇంట్లో కావలసినన్ని ఉన్నాయి.

పెళ్ళికి ముందూ, పెళ్ళయిన కొన్నాళ్ళ వరకూ ఆమె పెద్ద డేటా సెంటర్‌లో పని చేసింది. చలి గదిలో, స్వెట్టర్ వేసుకుని, నిలువెత్తు అల్మారాల మధ్య నడుస్తూ, ఏ డ్రైవ్ ఎప్పుడు మొరాయిస్తుందో దాని శబ్దాన్ని బట్టి చెప్పేది. తర్వాత అత్తగారు స్నానాల గదిలో జారి పడి తుంటి విరిగింది. "మనిద్దర్లో ఎవరో ఒకరు మానాలి కదా," అన్నాడు భర్త. ఆ ఒకరు ఎవరో అడగడానికి కూడా ఎవరికీ తోచలేదు, ఆమెతో సహా. తుంటి అతుక్కుంది. ఉద్యోగం అతుక్కోలేదు. చేతికర్ర పక్కన పడేసి అత్తగారు మేడ మెట్లెక్కుతున్నా, ఆమె మాత్రం ఇంకా ఆ తుంటి కోసమే ఇంట్లో ఉన్నట్టు లెక్క. ఇప్పుడీ సర్వర్ కూడా ఇస్త్రీ బల్ల మీదే కట్టింది. ఇంట్లో ఒక రాతబల్ల ఉంది, భర్తది. దాని మీద ఎప్పుడూ ఏమీ ఉండదు, దాని కుర్చీ మీద మాత్రం విప్పిన చొక్కాలుంటాయి. అయినా అది "నా టేబుల్, కాస్త ఖాళీగా ఉండనీ" అన్నాడాయన. ఇస్త్రీ చేయాల్సినప్పుడల్లా పెట్టెను కిందికి దించి, అయ్యాక పైకెత్తి, నడుము పట్టుకుని నిలబడటం ఆమెకు అలవాటైపోయింది.

సోమవారమంతా కేబుళ్ళతో సరిపోయింది. పై అర, కింది అర దేనికది వేరే కేబుళ్ళ మీద ఉన్నాయి. కాబట్టి తప్పు కేబుల్‌ది కావచ్చు, కేబుల్ దిగే కార్డుది కావచ్చు. కార్డు తీసి, దుమ్ము ఊది, మళ్ళీ బిగించింది. మధ్యలో అత్తగారి మాత్రలు. డేటా కేబుళ్ళు పైవి కిందికి, కిందివి పైకి మార్చింది. మధ్యలో ఆరేసిన బట్టల మీద చినుకులు. పై డ్రైవ్‌లు ఏ కేబుల్ తగిలించినా పలికాయి. కిందివి దేనికీ పలకలేదు. అంటే కార్డు మంచిదే, డేటా కేబుళ్ళూ మంచివే. దోషి ఇంకా పెట్టెలోనే ఉన్నాడు. ఒక్క గంట వరసగా ఆలోచించుకోగలిగితే పట్టుకునేది. కానీ ఆ ఇంట్లో ఆమెకు గంట అనేది ముక్కలుగా దొరుకుతుంది తప్ప గంటగా దొరకదు.

మంగళవారం కరెంటు తీగలు మార్చి చూసింది. అప్పుడూ అంతే. ఇక మిగిలింది ఒక్కటే మాట. డ్రైవ్‌లు చచ్చిపోయాయి. నాలుగూ, ఒకేసారి. నలుగురు ఆరోగ్యవంతులు ఒక్క రాత్రిలో పోతే దాన్ని ఎవరూ జబ్బనరు. ఆ సంగతి ఆమె బుర్రకు తట్టింది కూడా. కానీ మనసు అటు పోలేదు. అలవాటైన దారినే పోయింది. తనే ఏదో తప్పు బిగించింది, తనే కాల్చేసింది. వంటలో ఉప్పెక్కువైతే తనది తప్పు, ఆయన కారు తాళాలు కనబడకపోతే తనది తప్పు. చుట్టాలెవరైనా మొహం ముడుచుకుని వెళ్ళినా అంతే. ఇన్నేళ్ళ అభ్యాసం ఊరికే పోతుందా! చలి గదిలో శబ్దం విని రోగం చెప్పిన మనిషి, ఇస్త్రీ బల్ల కింద కాళ్ళు చాపి కూర్చుని, 'నాకు రాదేమో, ఎప్పుడూ రాలేదేమో' అనుకుంది.

ఆ సాయంత్రం భర్త వచ్చేసరికి ఆమె ఇంకా నేల మీదే ఉంది, చుట్టూ తీగలు. తలెత్తి చూసి, "నాకేం తోచడం లేదండీ. మీకేమైనా తెలుస్తుందా?" అంది.

ఆయన ఆమెనూ, చుట్టూ ఉన్న తీగలనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత బ్యాగు పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మొదటి నుంచీ మొత్తం చెప్పించుకున్నాడు. "ఊఁ... ఊఁ... కరెంటు సరిగ్గా అందుతోందా? ఒకసారి ఆపి మళ్ళీ వేసి చూశావా?" అని అడిగాడు. టార్చి కూడా పట్టుకున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది, కృతజ్ఞతతో. టార్చి పట్టుకుంటే ఏడుపొచ్చేంత కరువులో ఉన్నానా అని కూడా అనుకుంది, కానీ ఆ ఆలోచనను ముందుకు పోనివ్వలేదు.

"పోనీలే, పాపం, ఎంతకని కష్టపడతావు. ఇవన్నీ పెద్ద కంపెనీలు చేసే పనులు. డాక్టరుగారికి నేను ఫోన్ చేసి మాట్లాడతాలే. నువ్వు మాట్లాడితే బాధపడతావు," అన్నాడు ఆమె భుజం తట్టి.

"రేపొక్కరోజు చూస్తానండీ."

"నీ ఇష్టం. చెప్పానుగా, నేనున్నాను," అన్నాడు.

బుధవారం ఆయన ఆఫీసుకు వెళ్ళగానే ఆమె ఆఖరి ప్రయత్నం చేసింది. కింది అర డ్రైవ్‌లు మామూలువి కావు. బయట తగిలించుకునేలా ప్లాస్టిక్ డొప్పల్లో అమ్మేవాటిని కొని, డొప్పలు ఒలిచి లోపలివి తీసింది. అలా అయితే చవకలో వస్తాయి. వాటిలో ఒకదాన్ని మళ్ళీ దాని డొప్పలో పెట్టి చూస్తే, చచ్చిందో బతికుందో తేలిపోతుంది. మరలు విప్పి, మొదటి డ్రైవ్‌ను బయటికి లాగి, కిటికీ వెలుతురులో తిప్పింది.

కరెంటు తీగ తగిలే చోట బంగారు రంగు పళ్ళు తళతళా మెరిశాయి. అన్నీ మెరిశాయి. మూడోది కూడా.

ఆ మూడో పన్ను మెరవకూడదు. ఈ రకం డ్రైవ్‌లకు అదొక మాయదారి పన్ను. దానికి కరెంటు తగిలిందంటే, యజమాని ఎక్కడి నుంచో 'నోరు మూసుకుని పడుకో' అన్నాడనుకుని డ్రైవ్ లేవనే లేవదు. డొప్పలో ఉన్నంతకాలం ఆ పంటికి కరెంటు రాదు, సర్వర్‌లో పెడితే వస్తుంది. అందుకే, వేడికి కరగని పసుపు టేపును బియ్యపు గింజ కన్నా సన్నగా కత్తిరించి, కనుబొమ్మలు పీక్కునే పట్కారుతో, నాలుగింటికీ మూడో పన్ను మూసేసింది తను. వారం రోజులు బ్రహ్మాండంగా నడిచాయి. తన చేత్తో మూసినవి కాబట్టే, అక్కడ చూడాలని ఒక్కసారి కూడా అనిపించలేదు.

రెండోది లాగింది. టేపు లేదు. మూడోది. నాలుగోది. ఒక టేపు జారిందంటే నమ్మొచ్చు. నాలుగు టేపులు మాట్లాడుకుని జారవు. అంచున గోటి గీత కూడా కనిపించింది.

"అత్తయ్యా, ఈ పెట్టె ఎవరైనా ముట్టుకున్నారా?"

అత్తగారు టీవీ గొంతు తగ్గించింది. "నేనా? ఆ తీగలు చూస్తేనే నాకు షాక్ కొడుతుంది తల్లీ. దుమ్ము కూడా దులపలేదు."

"మీరని కాదు. ఇంకెవరైనా?"

"ఎవరుంటారు... ఆదివారం నువ్వు ఆ సెంటర్‌లో చోటు కొలవడానికి వెళ్ళావుగా, అప్పుడు మావాడూ, వాళ్ళాఫీసు సూపర్‌వైజరూ దాన్ని ముందేసుక్కూర్చున్నారు. ఇంత పొడుగు స్క్రూడ్రైవరు పట్టుకుని మరీ. రెండుసార్లు టీ పెట్టించాడు నాచేత, కప్పులు కూడా నేనే కడుక్కున్నా." టీవీ మీంచి చూపు తిప్పి ఆమె వైపు చూసింది. "ఏం? ఏమైనా పాడు చేశాడా వెధవ?"

ఆమె మళ్ళీ ఇస్త్రీ బల్ల దగ్గరకు వచ్చింది. టేపు చుట్ట తెచ్చుకుంది. కాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంది. కోపం రావాలి, ఎందుకో రావడం లేదు. చాలా దూరం మోసుకొచ్చిన బరువు దించి, అది తన బరువే కాదని ఎవరో చెప్పినట్టు ఒళ్ళంతా అలసట. మధ్యలో అత్తగారు వచ్చి, అడక్కుండానే, టీ కప్పు పక్కన పెట్టి వెళ్ళింది. ఆ ఇంట్లో ఆమెకు ఇంకొకరు టీ పెట్టి ఇవ్వడం అదే మొదలు.

నాలుగింటికీ మూడో పన్ను మూసి, అన్నీ బిగించి స్విచ్ వేసింది. కింది అరలోంచి సన్నగా గిర్రుమని శబ్దం బయలుదేరింది, ఒకదాని వెనక ఒకటి. స్క్రీన్ మీద ఎనిమిదీ నిలబడ్డాయి.

వెంటనే ఫోన్ తీసి డాక్టరమ్మకు చేసింది. "రేపు పొద్దున్నే తెస్తున్నానండీ. ఇంకో మాట. ఇంట్లో ఉండే చేస్తానని చెప్పాను కదా, ఇక అలా కుదరదు. మీ దగ్గర వెనక గది ఖాళీగా ఉందన్నారు. రోజూ వచ్చి అక్కడే కూర్చుంటాను. ఒక బల్ల వేయించండి చాలు."

"గదికి కిటికీ లేదమ్మా, చలిగా కూడా ఉంటుంది," అంది డాక్టరమ్మ.

"నాకు స్వెట్టరుంది," అందామె.

సాయంత్రం భర్త గుమ్మంలో చెప్పులు విప్పుతూనే పెట్టె వైపు చూశాడు. "ఏమైంది? డాక్టరుగారికి ఫోన్ చెయ్యమంటావా?"

"అక్కర్లేదు. నడుస్తోంది," అంది. "టేపులు ఎవరో పీకేశారు. మళ్ళీ అతికించాను."

"ఏం టేపులు?" అన్నాడు. మరీ తొందరగా అన్నాడు.

"ఒరేయ్," అంది అత్తగారు సోఫాలోంచి, తల తిప్పకుండానే. "ఆదివారం మీ సూపర్‌వైజరు వచ్చిన సంగతి చెప్పేశాను. ఇంక ఆ గుడ్లు తేలేయడం మాను."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. టై వదులు చేసుకున్నాడు, మళ్ళీ బిగించుకున్నాడు. ఆమె ఎదురుగా నిలబడింది. పెట్టె లోపల డ్రైవ్‌లు తిరుగుతున్న చప్పుడొక్కటే వినబడుతోంది.

"దీన్ని నేనే కడుతున్నానని వాడికి చెప్పాను," అన్నాడు చివరికి. "ఆఫీసులో ఎప్పుడూ నా ముందు గొప్పలు పోతాడు కదా, అందుకని. ఒక డ్రైవ్ బయటికి లాగి చూపించాను. ఆ టేపు ముక్క చూసి, ఇదేంటి గురూ, దెబ్బ తగిలిందా, కట్టు కట్టావ్, అని ఒకటే నవ్వు. అదెందుకో నాకేం తెలుసు? షాపువాడు తీయడం మర్చిపోయాడులే అని మిగతావీ లాగి నాలుగు టేపులూ గోటితో గీకేశాను. అంతే. తెలియక చేశాను, తెలిసి కాదు."

"తెలిసిందెప్పుడు?" అందామె.

ఆయన నేల చూశాడు. ఎంతసేపటికీ ఆమె కదలకపోయేసరికి, దాచిన మాటలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి.

"సోమవారమే. పొద్దున నీ మొహం చూడగానే ఏదో చేశాననిపించింది. ఆఫీసులో కూర్చుని నెట్‌లో వెతికితే ఇట్టే దొరికింది. చెబుదామనే అనుకున్నాను, ఒట్టు. సోమవారం నోరు రాలేదు. మంగళవారం చెప్పేద్దామనే వచ్చాను. వచ్చేసరికి నువ్వు కింద కూర్చుని తలెత్తి, నాకేం తోచడం లేదండీ అన్నావు. ఇన్నేళ్ళలో నీ నోట ఆ మాట నేను వినలేదు. నీకెప్పుడూ అన్నీ తెలుసు. గ్యాస్ ఎప్పుడైపోతుందో, అమ్మకు ఏ మాత్ర ఎప్పుడో, నా చొక్కా ఎక్కడుందో. ఈ ఇంట్లో నేను అడిగేవాణ్ణే గానీ చెప్పేవాణ్ణి ఎప్పుడూ కాలేదు. ఆ ఒక్క సాయంత్రం అయ్యాను. గురువారం దాటిపోయి, ఆ డాక్టరు నిన్ను వద్దంటే, నువ్వు ఇంక నన్నెప్పుడూ అలాగే అడుగుతావనిపించింది. అందుకే చెప్పలేదు. టార్చి పట్టుకుని నీ పక్కన కూర్చుని మరీ చెప్పలేదు."